మోగని చెక్క

జూన్ 4, మంగళవారం

స్టీరియో ఇంటికొచ్చింది! ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు, రెండు స్పీకర్లు, అట్టపెట్టె నిండా రికార్డులు. మా ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే ఇన్నేళ్లకి సరే అంది.

అమ్మినాయన రిటైరైన పళ్ల డాక్టరు. "మీవి పాముచెవులని మీ ఆఫీసంతా చెప్పుకుంటారటగా. మీలాంటివాళ్ల ఇంట్లో ఉంటేనే దీనికి మర్యాద" అన్నాడు. పొంగిపోయాను. పొంగనూ మరి? రోడ్డు మీద ఇనప రాడ్డు ఆనించి, దాని పైకొసకి చెవి పెట్టి, భూమిలో నీళ్ల పైపు ఎక్కడ కారుతోందో చెప్పడం అందరివల్లా అయ్యే పనా? ఎడమ చెవి రాడ్డుకి, బళ్ల మోత వినపడకుండా కుడి చెవిలో వేలు. నీళ్ల శాఖలో నా ఉద్యోగమంతా ఇదే.

ప్రస్తుతానికి పాత చదువుకునే బల్ల మీద సర్దాం. ఎదురుగా కుర్చీ వేసుకు కూర్చుంటే పాడే మనిషి సరిగ్గా రెండు స్పీకర్ల మధ్య నిలబడి పాడుతున్నట్టుండాలి. స్టీరియో సుఖమంతా అందులోనే ఉంది. మా ఇంట్లో మాత్రం ఆయన కుడివైపుకి జారిపోయాడు. బల్ల వంకరది, కాలి కింద అట్టముక్క పెట్టాల్సొచ్చింది. దీనికి తగ్గ బల్ల ఒకటి చూడాలి.

పొద్దున్న లేచినప్పటి నుంచీ ఎడమ చెవి దిబ్బడేసింది. జలుబు చేసేలా ఉంది.

జూన్ 6, గురువారం

బల్లని కిటికీ వైపు జరిపాను. కుడివైపే. తలుపు వైపు జరిపాను. కుడివైపే. "బల్లని ఊరేగిస్తున్నారా?" అంది మా ఆవిడ. బల్ల మార్చాల్సిందే.

జలుబు రాలేదు.

జూన్ 9, ఆదివారం

బావమరిది వాళ్లింట్లో అడ్డంగా పడున్న టీవీ స్టాండు మోసుకొచ్చాడు. గాజు పలకలు, ఇనప కాళ్లు. "దీని మీద పెట్టి చూడు బావా, పాట ఎలా మెరుస్తుందో!" అన్నాడు. వాడి లెక్కలో పాట కూడా గిన్నెలాంటిదే, తోమితే మెరుస్తుంది.

ఏం మెరవలేదు. పాడేవాడు కుడివైపే.

"స్పీకరు పోయిందేమో" అని వాడే ఒక ఉపాయం చెప్పాడు. వెనకాల వైర్లు పీకి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి పెట్టాం. తప్పు స్పీకరుదో వైరుదో అయితే ఇప్పుడు ఆయన ఎడమవైపుకి రావాలి కదా. రాలేదు. కుడివైపే నిలబడ్డాడు, మొండిఘటం. అంటే స్పీకరు మంచిదే, వైరూ మంచిదే. తప్పు స్టాండుది. ఎడమ పలక కింద అంతా బోలు, చప్పుడు అందులోకి దిగిపోతోంది. రుజువైపోయింది!

బావమరిది నన్నోసారి తేరిపార చూసి, "ఏమో బావా, నాకు మధ్యలోనే వినపడుతోంది" అన్నాడు. వాడి చెవులూ ఒక చెవులేనా.

జూన్ 10, సోమవారం

ఆంప్లిఫయరులో హోరు మొదలైంది. సన్నగా, ఎక్కడో పంపు తిరుగుతున్నట్టు. గాజు మీద పెడితే అంతే.

జూన్ 13, గురువారం

ఇవాళ ఆఫీసు పనిలో తలవంపులు. మార్కెట్ వెనక సందులో లీకు. రాడ్డు పెట్టాను. భూమి మూగగా ఉంది. రోడ్డు కింద చెత్తా చెదారం పోసి పూడ్చినట్టున్నారు, అందుకే చప్పుడు పైకి రావడం లేదు. అనుభవం కొద్దీ ఒకచోట సున్నం గీత గీశాను. తవ్వారు. పొడి మట్టి.

తవ్వేవాళ్లలో పెద్దాయన గునపం మీద గడ్డం ఆనించి, "ఏంటి సార్, పైపు మీతో మాట్లాడటం మానేసిందా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాళ్లు టీకి వెళ్లాక కుడి చెవితో విన్నాను. గొయ్యికి అవతల, అంగడి మెట్ల దగ్గర, స్పష్టంగా కారుతోంది. అక్కడ తవ్వితే నీళ్లు ఎగజిమ్మాయి.

రాడ్డు పాతదైపోయింది. స్టోర్సులో కొత్తది అడగాలి.

జూన్ 14, శుక్రవారం

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ ఆగింది. హోరు ఆగలేదు.

పక్కింటి మోటారు అయ్యుంటుంది.

కరెంటు లేకుండా మోటారు ఎలా తిరుగుతుందిరా అంటే, జనరేటరు పెట్టుకున్నారేమో. ఉన్నవాళ్లు.

జూన్ 16, ఆదివారం

ఫర్నిచర్ షాపుకి వెళ్లాం. మా ఆవిడకి తలుపులున్నది కావాలి, దుమ్ము పడకుండా. తలుపులు వేస్తే ఆంప్లిఫయరు ఉడికిపోతుంది, వెనకవైపు గాలి ఆడాలి. "అయితే దుమ్ము మీరు తుడవండి" అంది. సరే అన్నాను. నేనేం తుడుస్తానో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

ఒక్కోదాని దగ్గరా వంగి, పలకని వేలితో కొట్టి, చెవి పెట్టి విన్నాను. రాడ్డు దగ్గర నించున్నట్టే. అన్నీ చచ్చు సరుకు. ఒక్కదానికీ పలుకు లేదు. సేల్స్‌మన్ వెనకాలే తిరుగుతూ, "సార్, బీరువాకి జ్వరమేమైనా ఉందా?" అన్నాడు. మా ఆవిడ అందుకుని, "కట్టుకున్నదాని మాట చెవికెక్కదు గానీ, చెక్క ఏం చెబుతోందో వింటారట ఈయన!" అంది. షాపంతా నవ్వింది.

గొడవ బయటికొచ్చాక జరిగింది. నా పక్కన నడుస్తూ ఏదో చెప్పిందట. ఆవిడ నా ఎడమ పక్కన ఉంది. వాళ్ల అక్కకి ఒంట్లో బాగాలేదని, వెళ్లి చూసొద్దామని, రెండుసార్లు అడిగిందట. నేను రోడ్డు చూసుకుంటూ నడిచానట. బస్‌స్టాపులో చూద్దును కదా, కళ్లనిండా నీళ్లు. "మా వాళ్ల ఊసెత్తితే మీకు పట్టదు. విని కూడా పెడచెవిన పెడతారు" అంది. ఆవిడ ఒక్క మాట అన్న చప్పుడు కూడా నాకు తెలీదు.

"అవును, విన్నాను. ఆలోచిస్తున్నాను" అన్నాను.

చెవిటి మొగుడి కన్నా పొగరుబోతు మొగుడే నయం కదా.

ఈ మాట ఎందుకు రాశానో. కొట్టేయాలి.

జూన్ 17, సోమవారం

మాటల్లేవు. అన్నం పెడుతోంది, గరిటె చప్పుడుతో తిడుతోంది.

షాపు సరుకంతా రంపపు పొట్టు అంటించి చేసిన చెక్క. అసలైన చెక్కతో చేయించాలి. బల్ల గట్టిదైతే పాడేవాడు దానంతట వాడే మధ్యకి వస్తాడు.

జూన్ 19, బుధవారం

కొలతలు తీశాను. స్పీకర్లు రెండు కొసల్లో, ఆంప్లిఫయరు మధ్యలో, రికార్డు ప్లేయరు దాని పైన. కింద రికార్డులు నిలబెట్టే గూళ్లు. వెనకవైపు మూత ఉండదు. బొమ్మ బాగా వచ్చింది. దీంతో కూర్చుంటే మిగతావి గుర్తుకు రావు.

హోరు ఉంది.

జూన్ 22, శనివారం

ఏం జరిగిందో వరసగా రాస్తాను. రాస్తే కుదుటపడుతుంది.

వడ్రంగి దగ్గరికి వెళ్లాం. మా ఆవిడ కోపం దిగొచ్చి తనూ వచ్చింది. వాళ్ల అక్కని చూసొచ్చాం లెండి మొన్న. వడ్రంగి పెద్దమనిషి, కనుబొమల మీద కూడా పొట్టు. నా బొమ్మ చూసి, "బాగా గీశారు" అన్నాడు. గోడకి చేరేసిన పలకల్లోంచి ఒకటి తీసి బల్ల మీద పడుకోబెట్టాడు.

"కొట్టండి మేస్త్రీ, నేను వింటాను" అన్నాను.

నా పద్ధతి నాది. చెవి ఆనించను, వేలెడు దూరంలో పెడతాను. ఆనిస్తే మోగేది మన ఎముక, చెక్క కాదు. ఎడమ చెవి పలక మీదికి వంచి, కుడి చెవిలో వేలు పెట్టుకున్నాను. ఆయన అవతలి కొసన వేలి కణుపులతో కొట్టాడు. చెయ్యి లేవడం, పడటం కనిపిస్తోంది. అంతే.

"చచ్చు చెక్క" అన్నాను.

ఆయన ఇంకోటి తీశాడు. చచ్చు చెక్క. ఇంకోటి. చచ్చు చెక్క. నాలుగోదానికి ఆయన మొహం ఎర్రబడింది. "అయ్యా, ఈ కర్ర ఏళ్ల తరబడి నీడన ఆరబెట్టింది. మా నాన్న కొని పెట్టాడు. ఇది చచ్చు చెక్క అన్నవాడు ఇంతవరకూ లేడు. మీకు కావాల్సింది నా దగ్గర లేదు, దయచేయండి" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పాతికేళ్లుగా చెవి మీద బతుకుతున్నవాణ్ణి, నాకు చెబుతారా?" అని అరిచాను. నిజంగా అరిచాను. రంపం పట్టుకున్నవాళ్లు ఆగిపోయి చూశారు.

మా ఆవిడ ముందుకొచ్చింది. "ఉండండి, నన్ను విననివ్వండి" అని, అచ్చు నాలాగే వంగి, అచ్చు నాలాగే కుడి చెవిలో వేలు పెట్టుకుంది. ఆటపట్టిద్దామనే అనుకుంటా. పెదాల మీద నవ్వు కూడా ఉంది. ఆయన కొట్టాడు.

"అబ్బ! ఖంగుమందండీ" అంది.

నవ్వుతూనే నావైపు తిరిగింది. నా మొహంలో ఏం కనపడిందో, ఆ నవ్వు ఆగిపోయింది.

నేను మళ్లీ వంగాను. ఈసారి వేలు ఎడమ చెవిలో పెట్టుకుని కుడి చెవి వంచాను. మోగింది. ఎంత బాగా మోగిందో! సన్నగా సాగి, సాగి, ఎక్కడో దూరంగా ఆగింది. ఆ నాలుగు పలకలూ అలాగే మోగి ఉంటాయి.

"ఇది పర్లేదు. దీంతో చేయండి" అన్నాను. "ఇందాకటి మాటకి ఏమీ అనుకోకండి" అన్నాను. ఆయన చెక్కని తుడుస్తూ, "కోపాలు వస్తాయి లెండి" అన్నాడు.

ఇంటికి వస్తూ మా ఆవిడ నా కుడి పక్కన నడిచింది.

జూన్ 23, ఆదివారం

గుబిలి. ఖచ్చితంగా గుబిలే. గోరువెచ్చని నూనె వేసుకుని ఒత్తిగిలి పడుకున్నాను. "ఏమైంది చెవికి?" అంది ఆవిడ. "దురద" అన్నాను.

జూన్ 24, సోమవారం

నూనె.

జూన్ 25, మంగళవారం

నూనె. పాలిష్ నల్లగా వేయించాలా, తేనె రంగా? త్వరగా తేల్చమని వడ్రంగి తొందరపెడుతున్నాడు. తేనె రంగే మేలు. నలుపు మీద దుమ్ము కనపడుతుంది.

జూన్ 27, గురువారం

వంటింటి గుమ్మంలో నిలబడి కుడి చెవిని వేలితో గట్టిగా మూశాను. ఆవిడ గిన్నెలు తోముతోంది. చేతులు కదులుతున్నాయి, నీళ్లు పడుతున్నాయి, మూత జారి గచ్చు మీద గిరగిరా తిరిగింది. చప్పుడు లేదు. ఒక్క హోరు తప్ప ఇల్లంతా ఆరిపోయింది.

భయంగా ఉంది. ఇంత భయం ఎప్పుడూ లేదు. ఒకటి ఇలా చెప్పాపెట్టకుండా పోతే రెండోది మాత్రం చెప్పి పోతుందా? రెండూ పోతే నేనెవణ్ణి? రాడ్డు పట్టుకు నించునే గుంజని. ఆవిడ నా మొహం చూసి ఏదో అంటుంది, నేను ఆవిడ పెదాలు చూస్తూ కూర్చుంటాను. ఆవిడ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వెళ్తే దానికో పేరు పెడతాడు. పేరు పెట్టాక అది ఇంట్లో మనిషైపోతుంది, మరి కదలదు.

ఆదివారం బల్ల వస్తుంది. అది చూశాక వెళ్తాను. బల్ల తేడా కూడా కొంత ఉండొచ్చు కదా.

జూన్ 30, ఆదివారం

బల్ల వచ్చింది.

వడ్రంగి, బావమరిది చెరోవైపు పట్టుకుని లోపలికి తెచ్చారు. తేనె రంగు. ఎక్కడా మేకు తల కనపడదు. గూళ్లలో రికార్డులు కొలిచినట్టు కూర్చున్నాయి. చెయ్యి వేసి నిమిరితే నా కోపం నాకే సిగ్గనిపించింది. వడ్రంగి తన తువ్వాలుతో ఒకసారి తుడిచి, "పాట వినే పోతాను" అన్నాడు.

సర్దాం. మా ఆవిడే రికార్డు పెట్టింది. నేను కుర్చీలో, బావమరిది, వడ్రంగి నా పక్కన. "ఓహో! ఎదురుగా నిలబడి పాడుతున్నట్టుంది బావా!" అన్నాడు బావమరిది. వడ్రంగి కళ్లు పెద్దవి చేసుకుని రెండు స్పీకర్ల నడిమి గోడనే చూస్తున్నాడు. ఆయనకి అక్కడ మనిషి కనిపిస్తున్నాడు. నాకు కుడివైపే.

బల్ల బంగారంలా ఉంది. ఇక తిట్టడానికి ఏ వస్తువూ మిగల్లేదు.

"బాగుంది" అన్నాను. "చాలా బాగుంది."

మా ఆవిడ ఆంప్లిఫయరు దగ్గరే నిలబడి ఉంది. "కళ్లు మూసుకోండి" అంది.

"ఎందుకే?"

"మూసుకోండి, చెప్తాను."

మూసుకున్నాను. ఏదో మర తిప్పిన అలికిడి. పాట సాగుతూనే ఉంది.

"ఇప్పుడు ఎటువైపు నుంచి వస్తోంది?"

"కుడి."

కాసేపాగి, "ఇప్పుడు?"

"కుడి."

"సరిగ్గా వినండి. మీకు దణ్ణం పెడతాను, సరిగ్గా వినండి. ఇప్పుడు?"

"కుడేనే. చెప్తున్నానుగా, కుడి!"

కళ్లు తెరిచాను. కుడి స్పీకరు వెనక వైరు పీకేసి నేల మీద ఉంది. ఎప్పుడు పీకిందో తెలీదు, వైరుకొస ఆవిడ కాలి దగ్గరుంది. పాట మొత్తం ఎడమ స్పీకరులోంచే వస్తోంది. వడ్రంగి నేల చూపులు చూస్తూ తువ్వాలు మడతపెడుతున్నాడు. బావమరిది నోరు తెరుచుకుని ఉన్నాడు. మా ఆవిడ నా దగ్గరికొచ్చి, ముందు కూర్చుని, నా ఎడమ చెవిని అరచేత్తో కప్పింది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"బల్ల వస్తే సర్దుకుంటుందనుకున్నాను" అన్నాను.

జూలై 1, సోమవారం

చెవి డాక్టరు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమంది ఒకమ్మాయి. కుడివైపు నొక్కుతూనే ఉన్నాను. ఎడమవైపు వచ్చేసరికి మీట మీద వేలు పెట్టుకుని ఎదురుచూశాను. ఆ అమ్మాయి అద్దం అవతల మీటలు తిప్పుతూనే ఉంది. చివరికి నొక్కకుండా ఉండలేక ఒకసారి నొక్కాను. ఆ అమ్మాయి తలెత్తి చూసింది. అప్పుడు ఏ చప్పుడూ పెట్టలేదనుకుంటా.

గుబిలి కాదు. చెవి నరం. ఉన్నట్టుండి ఇలా కొందరికి అవుతుందట, చాలామందిలో కారణం కూడా తెలీదట. డాక్టరు కాగితం చూస్తూ, "ఎప్పుడు మొదలైంది?" అన్నాడు. స్టీరియో వచ్చిన రోజు చెప్పాను.

"మొదట్లోనే రావాల్సింది. ఆ రోజుల్లో మాత్రలిస్తే చాలామందికి కొంతైనా తిరిగొస్తుంది. ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

మా ఆవిడే చెప్పింది.

"బల్ల చేయించామండీ" అంది. అని, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. డాక్టరుకి అర్థం కాలేదు. నీళ్ల గ్లాసు జరిపాడు.

మాత్రలు ఇచ్చాడు, ఆశ పెట్టుకోవద్దన్నాడు. తలకి స్కాన్ తీయించమన్నాడు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను. "రెండోది కూడా పోతుందా?" అని అడిగాను.

"సాధారణంగా పోదు" అన్నాడు.

సాధారణంగా అన్నాడు.

నా కుడి చెవి దగ్గర బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్ది చూపించాడు. ఎండుటాకు నలిగినట్టు సన్నటి చప్పుడు. "ఇది వినపడుతున్నంతకాలం కంగారు పడకండి. తగ్గితే ఆ పూటే రండి. ఈసారి ఆగకండి" అన్నాడు.

జూలై 5, శుక్రవారం

స్కాన్‌లో ఏమీ లేదు. ఎడమ చెవిలోనూ ఏమీ లేదు. హోరు ఒక్కటీ వదల్లేదు.

జూలై 8, సోమవారం

ఆఫీసులో చెప్పేశాను. పెద్దాఫీసరు కుర్చీలోంచి లేచి నా కుడివైపుకొచ్చి మాట్లాడాడు. కుడి చెవితో పని నడుస్తుందా అన్నాడు. నడుస్తుందన్నాను. ఉన్నన్నాళ్లు నడుస్తుంది.

రాడ్డు దగ్గర ఇప్పుడు ఎడమ చెవిలో వేలు పెట్టుకుంటున్నాను. అక్కర్లేదు, అలవాటు.

జూలై 11, గురువారం

పొద్దున్నే లేవగానే ఎవరూ చూడకుండా వేళ్లు రుద్దుకుంటున్నాను. పళ్లు తోముకుంటూ ఇంకోసారి. బస్సులో కుదరదు, మోత. ఆఫీసు మెట్ల మీద మళ్లీ. నిన్నటికన్నా తగ్గిందా? తగ్గినట్టు అనిపించింది. వేళ్లు తడిగా ఉన్నాయి, అందుకేనేమో. తుడుచుకుని రుద్దాను. ఉంది.

మాత్రలు అయిపోయాయి. తేడా లేదు.

జూలై 14, ఆదివారం

ఇంకా పూర్తిగా మెలకువ రాలేదు, కళ్లు మూతలు పడే ఉన్నాయి. కుడి చెవి దగ్గర సన్నటి చప్పుడు. నా చేతులు రెండూ దుప్పట్లో ఉన్నాయి. చెవిలో ఇంకో హోరు మొదలైందేమో అనుకున్నాను ఒక్క క్షణం. అంతలో అర్థమైంది, అవి ఆవిడ వేళ్లు. నేను దాచుకున్నానని అనుకుంటున్నది ఆవిడకి ఎప్పటి నుంచి తెలుసో.

వెంటనే చెప్పలేదు. బాగుంది. అంత చిన్న చప్పుడు, ఎక్కడా ఒలికిపోకుండా, నా కోసం చేస్తోంది. ఇంకాసేపు విందామని కళ్లు తెరవకుండా పడుకున్నాను.

వేళ్లు దగ్గరికొచ్చాయి. కాస్త గట్టిగా రుద్దింది. ఆగి, ఇంకా గట్టిగా. తర్వాత గబగబా, గబగబా, చర్మం చిట్లుతుందేమో అన్నంత గట్టిగా. ఆవిడ ఊపిరి బిగబట్టి ఉందని అప్పుడు తెలిసింది.

"వినపడుతోందే" అన్నాను. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "వినపడుతోంది, వినపడుతోంది."